అన్నం మెతుకుతో అంటించిన కవరు

భిలాయి, సెక్టార్ 6
ఆగస్టు 18

అప్పా,

కవరు చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నలుగురు మగపిల్లలూ ఒకేసారి బాగుంటే ఇల్లు బాగుండదు. ఒకడికి జ్వరం వచ్చిన రోజు మిగతా ముగ్గురితో నేను మనిషిలా మాట్లాడగలుగుతాను.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావా? ఆ ఫోన్ నాదని నువ్వింకా నమ్ముతున్నావు. పొద్దున అది అనిరుధ్‌ది. తొమ్మిదో తరగతి కదా, లెక్క రాకపోయినా దానికే చెప్పుకోవాలి, వచ్చినా దానికే చెప్పుకోవాలి. సాయంత్రం కవలలది. పడుకునే వేళకి ఛార్జరుది. నీతో మాట్లాడదామని తీస్తే నలుగురూ చుట్టూ మూగి స్పీకర్ పెట్టిస్తారు. కిందటిసారి "వీళ్లు నా ప్రాణం తీసేస్తన్నారప్పా" అన్నానో లేదో, కవలల్లో ఆయుష్‌గాడు మధ్యలో దూరి "పెద్దమ్మా, అమ్మ ఝూట్ చెప్తోంది, ఇంకా బతికే ఉంది" అన్నాడు. నువ్వు పడీ పడీ నవ్వావు. మెసేజ్ పెడదామంటే నా మెసేజులు నాకంటే ముందు వాళ్లే చదివేస్తారు.

అందుకే ఈ ఉపాయం పట్టాను. నా కొడుకులకి హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు వంకరటింకరగా మాట్లాడటం వచ్చు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కడికీ రాదు. "అమ్మా, ఆ జిలేబీలు ఎవరికి?" అని అడిగి వెళ్లిపోతారు. పదిహేనేళ్ల కాపురంలో నాకంటూ తాళం పడే సొరుగు ఒక్కటి లేదు. ఇన్నాళ్లకి తెలుగే నా సొరుగైంది.

మీ మరిదిగారు కులాసా. ఈ వారం నైట్ షిఫ్టు. స్టీలు ప్లాంటు మిల్లులో చెవులకి పెట్టుకోమని ఇచ్చిన మూతలున్నాయి చూడు, అవి మిల్లులో పెట్టుకోరు. ఇంటికొచ్చి పెట్టుకుని పడుకుంటారు. ఇనుము చప్పుడు అలవాటైపోయిందట, కొడుకుల చప్పుడే ఇంకా అలవాటు కాలేదట.

ఇక బాలుగాడి ఘనకార్యం. పదేళ్లు నిండినా మావాడికి మెట్లు దిగడం రాదు, రెయిలింగ్ మీద జారడమే వచ్చు. మొన్న అలా జారి, కింది అంతస్తు మెట్ల మీద కూర్చుని ప్రార్థన పుస్తకం చదువుకుంటున్న కృపమ్మగారి ఒళ్లో పడ్డాడు. ఆవిడ అదే ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరైన కొర్నేలిగారి భార్య, డెబ్బై ఏళ్ల మనిషి. దేవుడి దయవల్ల ఎముకలు విరగలేదు, కళ్లజోడు విరిగింది. కొత్తది చేయిస్తానంటే వద్దంది. "జోడు సంగతి మా అబ్బాయి చూసుకుంటాడమ్మా. మీవాణ్ని మాత్రం రోజూ సాయంత్రం ఓ గంట నా దగ్గర కూర్చోబెట్టు, అదే శిక్ష" అంది. శిక్ష వాడికా మీకా అని అడగబోయి నోరు మూసుకున్నాను. రోజుకో గంట, అప్పా! వాణ్ని ఏం చేయిస్తారని కూడా అడగలేదు. అడిగితే ఆవిడ మనసు మార్చుకుంటుందని భయం. బియ్యంలో రాళ్లేరిస్తుందో కాళ్లు పట్టిస్తుందో, ఏదైనా నాకు సమ్మతమే.

గమ్ సీసా కవలలు గోడకి పూశారు కాబట్టి కవరు అన్నం మెతుకుతో అంటిస్తున్నాను. పోస్టుడబ్బాలో వేసొచ్చే పని బాలుగాడిదే. వాడి కాళ్లకి మనం పని చెప్పకపోతే చేతులు పని వెతుక్కుంటాయి.

నీ నీలూ

విజయనగరం
సెప్టెంబరు 9

నీలూ,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదువుతూ పైకే నవ్వేశాను. సోషల్ మేడమ్ ఏమిటేమిటని ప్రాణం తీస్తే ఆవిడకీ చదివి వినిపించాను. ఇప్పుడు మా బడిలో సగంమందికి నీ కొడుకుల పేర్లు తెలుసు. మిగతా సగానికి ఈ వారం తెలుస్తాయి.

పదిహేనేళ్లలో నీ దస్తూరి ఏమీ బాగుపడలేదు. ఒత్తులు ఎగిరిపోతున్నాయి. అయినా మార్కులు వేస్తున్నాను, నవ్వించావు కాబట్టి.

ఒక మాట చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నాను. ఫోన్లో అడిగితే నీ కవలలు జవాబు చెబుతారని ఊరుకున్నాను. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఈ ఇంట్లో నేను పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉంటుంది. నీకది స్వర్గంలా వినిపిస్తుందని తెలుసు. పొద్దున తాగి వదిలిన గ్లాసు, సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అదే బల్ల మీద, అదే మూల కనిపిస్తుంది. నాకు దాన్ని చూస్తే ఏడుపొస్తోందే.

నీ నలుగురిలో ఒకణ్ని నాకు పంపు. మా బడిలోనే వేస్తాను, తెలుగూ వస్తుంది. ఒక ఏడాది చూద్దాం. కవలల్ని విడదీయకు. అనిరుధ్‌కి పదో తరగతి ముంచుకొస్తోంది, వాణ్ని కదపకు. ఇక ఎవరు మిగిలారో నేను చెప్పను, నువ్వే చెప్పు. మరిది మనోజ్‌తో మాట్లాడు. ఏప్రిల్ ఆఖర్న సెలవులివ్వగానే నేనే వచ్చి తీసుకెళ్తాను. ఇష్టం లేకపోతే లేదని రాయి. నాకేమీ కోపం రాదు. వచ్చినా తగ్గుతుంది.

మీ అప్ప
లలితాంబ

భిలాయి, సెక్టార్ 6
నవంబరు 10

అప్పా,

జవాబు రాయడానికి రెండు నెలలు పట్టింది. దసరా సెలవులు, దీపావళి సెలవులు. బళ్లకి ఇన్ని సెలవులెందుకిస్తారో, వాళ్ల టీచర్లకి మాత్రమే విశ్రాంతి కావాలా? నువ్వు టీచరువని మరిచిపోయి రాశాను, కొట్టెయ్యను, చదువుకో.

పండక్కి సుపేలా ఆదివారం బజారుకి వెళ్లి నాలుగు సైజుల్లో ఒకే రకం చొక్కాలు తీశాను. వేరే వేరే తీస్తే యుద్ధం. కొట్టువాడు నాలుగూ మడతపెడుతూ "దీదీ, ఏ స్కూలు యూనిఫాం?" అని అడిగాడు. నా ముఖంలో తల్లి కనిపించలేదు వాడికి, హాస్టలు వార్డెన్ కనిపించింది. పని చెయ్యడానికి క్యాంప్ 2 నుంచి వచ్చే నూకమ్మ కూడా మొదటిరోజే అంది: "ఏటమ్మా, ఇది ఇల్లా, బస్టాండా?" ఆ మాటకి నేను నొచ్చుకోలేదు. బస్టాండులో అయితే బస్సులు వెళ్లిపోతాయి కదా.

నీ మాట మీ మరిదిగారితో చెప్పాను. చెవి మూతలు తీసి, శ్రద్ధగా విని, "ఒకడేనా?" అన్నారు. ఆయన సమ్మతి అలా దొరికింది.

ఎవరన్నది తేల్చడానికి ఆలోచనే అక్కర్లేకపోయింది. దీపావళినాడు బాలుగాడు పీయూష్ నీళ్ల సీసాకి రాకెట్ కట్టి చంద్రుడి మీదకి పంపాడు. అమావాస్య కదా, చంద్రుడు అందలేదు. కింద దూబేగారి భార్య ఆరేసిన చీర అందింది. ఆవిడ ఆ కాలిన చీర తెచ్చి జెండాలా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. నేను వాణ్ని నాలుగు తిట్టి, నాలుగు తగిలించి, ఆవిడకి నా పెట్టెలోంచి కొత్త చీర తీసిచ్చాను. మా అత్తగారు పెట్టింది, నాకెలాగూ నచ్చలేదు.

కాబట్టి బాలుని తీసుకుపో అప్పా. రవాణా ఖర్చులు నావే. ఒకసారి దింపుకున్న సరుకు వాపసు తీసుకోబడదు. పంచదార డబ్బాకి మూత గట్టిది కొనుక్కో, పక్కింటివాళ్ల కాళ్లు ఇప్పుడే పట్టుకుని ఉంచుకో. నలుగురిలో వాణ్నొక్కణ్నే తీసేస్తే ఈ ఇంట్లో ముప్పాతిక చప్పుడు తగ్గిపోతుంది. నిన్న వాడు బడికి వెళ్లాక, వాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చాయ్ పెట్టుకున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి చాయ్ వేడిగా ఉండగానే తాగాను.

ఇది రాస్తూ నాలో నేనే నవ్వుకుంటుంటే వాడు వంటింటి గుమ్మంలో నిలబడి "ఏటమ్మా, నవ్వుతున్నావు?" అంటున్నాడు. "ఏట్లేదు, ఎల్లు" అన్నాను. కృపమ్మగారి దగ్గరికి వెళ్లే టైమైంది వాడికి. ఆవిడకి కొత్త జోడు ఎప్పుడో వచ్చింది, అయినా పిలుస్తూనే ఉంది. ఆవిడ ఓపిక్కి దణ్ణం పెట్టాలి.

నీ నీలూ

విజయనగరం
డిసెంబరు 1

నీలూ,

సంతోషమే. నువ్వు సరుకు అన్నా, సామాను అన్నా నాకు వచ్చేది పిల్లాడు. వాడి కోసం పక్క గదిలో ఆయన పుస్తకాలు అటకెక్కించాను. మంచం కిటికీ పక్కకి జరిపించాను, రైళ్లు కనిపిస్తాయి.

ఇంతకీ బాలుకి చెప్పావా? వాడేమన్నాడు? రెండు పేజీల ఉత్తరంలో ఆ ఒక్క ముక్కా రాయలేదు నువ్వు.

ఇంకొకటి. ఈసారి నీ కవరు రెండు వరసల మెతుకులతో వచ్చింది. అంటించావా, నైవేద్యం పెట్టావా?

లలితప్ప

భిలాయి, సెక్టార్ 6
జనవరి 19

అప్పా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. బాలు బాగుపడ్డాడు!

అబద్ధం కాదు, కవలల మీద ఒట్టు. నవంబరు నెలాఖరు నుంచి వాడు మెట్ల మీద నడిచి దిగుతున్నాడు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. తన యూనిఫాం తనే ఉతుక్కుంటున్నాడు. పొద్దున్నే లేచి కవలల బూట్లకి లేసులు కట్టేస్తున్నాడు. వాళ్ల నాన్న పడుకున్నప్పుడు ఇల్లంతా పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన చెవి మూతలు ఎక్కడున్నాయో నాకే గుర్తులేదు. మొన్న చేపల పులుసు పెట్టి ఇంకో ముక్క వెయ్యబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా, భయ్యాకి వెయ్యి" అన్నాడు. నూకమ్మ చీపురు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది. "అమ్మా, బాలుబాబుకి ఒంట్లో బాగోలేదా ఏటి?" అంది. దానికేం తెలుసు పెంపకమంటే!

అవును, నా పెంపకమే. ఎవరేమనుకున్నా నేను చెప్పుకోవలసిందే. పిల్లల్ని ఇరవైయొక్క రోజులు చిరునవ్వుతో పలకరిస్తే మారిపోతారని ఫోన్లో ఒక వీడియో చూశాను. రెండు రోజులు చేశాను, దవడలు నొప్పెట్టి ఆపేశాను. ఆ రెండు రోజులకే ఇంత ఫలితం! బళ్లో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్తే వాళ్ల మేడమ్ "ఏం చేశారండీ మీరు?" అని అడిగింది. కొంగు సవరించుకుని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. వెనక వరసలో ఒకావిడ రాసుకుంది కూడా.

ఇంక వాణ్ని నీ దగ్గరికి పంపడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇదివరకైతే పగిలిన కుండ అంటగట్టినట్టుండేది. ఇప్పుడు నిక్షేపంలాంటి పిల్లాణ్ని పంపుతున్నాను, ఏప్రిల్ కల్లా ఇంకా మెరుగుపెడతాను. వాడికింకా చెప్పలేదు. ముందే చెబితే సెక్టారంతా టముకు వేస్తాడు. ప్రయాణం దగ్గరపడ్డాక చెప్పచ్చులే.

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావు! రోజూ చాయ్ వేడిగానే తాగుతున్నాను. రుచే ఎందుకో తగ్గింది. పాలవాణ్ని మార్చాలి.

మెతుకుల సంగతంటావా, నేను ఒక్క వరసే పెడతాను. రేషను బియ్యం కదా, దారిలో పొంగుతున్నట్టుంది.

నీ నీలూ

విజయనగరం
ఫిబ్రవరి 6

నీలూ,

ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని. అల్లరి పిల్లాడు ఉన్నట్టుండి బుద్ధిమంతుడైతే నేను సంతోషించను. ముందు నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూస్తాను. జ్వరం లేకపోతే ఏం పగలగొట్టి దాచాడో వెతుకుతాను. అదీ లేకపోతే, ఎవరో వాడిని ఏదో అన్నారు. ఆ మూడోది కనిపెట్టడమే కష్టం, పిల్లలు దాన్ని లోపల దాచుకుంటారు.

మూడూ చూసి నాకు రాయి. హాస్యం తగ్గించి రాయి.

లలితప్ప

భిలాయి, సెక్టార్ 6
మార్చి 9

అప్పా,

చిత్తం టీచరుగారూ! జ్వరం చూశాను, లేదు. విరిగినవాటి కోసం మంచాల కింద వెతికాను. దొరికినవన్నీ పాతవే, అవి విరగ్గొట్టినందుకు శిక్షలు కూడా పాతబడిపోయాయి. ఇక ఎవరేమన్నారంటావా? ఈ ఇంట్లో వాణ్ని తిట్టేది నేనొక్కదాన్ని. నేనూ రెండు నెలలుగా తిట్టలేదు, తిట్టే పని పడక. నోరు తుప్పు పట్టేలా ఉంది.

పైగా వాడికి లోకజ్ఞానం పెరుగుతోంది. మొన్న చపాతీలు వత్తుతుంటే పక్కన కూర్చుని పిండి ఉండలు చేసిపెడుతూ "అమ్మా, పాపా వాళ్ల ప్లాంటులో బాగా పనిచేసేవాళ్లని కూడా వేరే ఊరు పంపేస్తారా?" అని అడిగాడు.

"ఆర్డరొస్తే మంచోడూ చెడ్డోడూ సూడర్రా. ఎల్లాలంతే" అన్నాను.

"మరి బాగా పనిచెయ్యడం ఎందుకు?"

"పేరొస్తాది" అన్నాను. వాడు మళ్లీ పిండి అందుకున్నాడు. ఉండలన్నీ ఒకే సైజులో చేశాడు. నేను చేసినా అంత సమానంగా రావు.

ఏప్రిల్ 27కి దుర్గ్ నుంచి మీ ఇద్దరికీ టికెట్లు తీసేశారు మీ మరిదిగారు. కిటికీ పక్క సీటు వాడికి. నువ్వు రెండు రోజులు ముందుగా రా, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చూద్దువుగాని.

నువ్వు హాస్యం తగ్గించమన్నావు. తగ్గించి చూశాను అప్పా. తగ్గిస్తే రాయడానికి ఏం మిగలడం లేదు.

నీ నీలూ

విజయనగరం
ఏప్రిల్ 3

నీలూ,

దీన్ని స్పీడు పోస్టులో పంపుతున్నాను, నీ చేతికే ఇస్తారు. లోపల ఇంకో ఉత్తరం ఉంది. నిన్న వచ్చింది. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

తప్పు నీ ఒక్కదానిదే అనుకోకు. నీ ఉత్తరాలు స్టాఫ్‌రూములో చదివి నలుగురిని నవ్వించినదాన్ని నేను. ఇది మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు.

నేను పిల్లాణ్ని అడిగింది నీ కష్టం చూడలేక కాదు. నా కోసమే అడిగాను, ఇంక దాచడమెందుకు. ఇల్లు కాస్త చప్పుడు చేస్తుందని అడిగాను. చప్పుడు చెయ్యడం మానేసిన పిల్లాణ్ని తెచ్చుకుని నేనేం చేసుకోను?

నీకు పదేళ్లప్పుడు అమ్మ నవ్వుతాలకి నిన్ను మేనత్త ఇంటికి పంపేస్తానంది. నువ్వు బియ్యం డబ్బాల వెనక దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. నిన్ను లాగింది నేనే. నీకు గుర్తులేదేమో, నాకుంది.

అప్ప

(బాలు ఉత్తరం)

భిలాయి

పెద్దమ్మా, భయపడకుము. నేను బాలును.

నాకు తెలుగు వచ్చును. కృపమ్మ నానమ్మ నేర్పెను. ఆమె చష్మా నేను విరగ్గొట్టాను కదా, అప్పుడు ఆమె నాకు కనబడుట లేదు నువ్వే చదువు అంది. నాకు రాదు అన్నాను. అయితే నేర్చుకో అంది. ఇదే శిక్ష. నేను ప్రార్థన పుస్తకం అంతా చదివితిని. అమ్మకి సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు.

అమ్మ ఉత్తరాలు పోస్టులో నేనే వేస్తాను. నవంబరులో నాకు చదవడం బాగా వచ్చింది కాబట్టి మెట్ల మీద తెరిచి చూశాను. అన్నం తడిగా ఉంటే కవరు ఊరికే వచ్చేస్తుంది. సర్‌ప్రైజ్ కోసమే తెరిచాను పెద్దమ్మా, చోరీ కోసం కాదు. అందులో అంతా నా గురించే ఉంది. చదివి మళ్లీ కృపమ్మ నానమ్మ ఇంట్లో అన్నం అడిగి అంటించాను.

అమ్మ నన్ను మీకు పంపేస్తుంది అని ఉంది. నేను చెడ్డగా ఉన్నాను కాబట్టి. అందుకని మంచిగా అయ్యాను. చాలా కష్టం. మంచిగా అయితే ఉంచుకుంటుంది అనుకున్నాను. జనవరి ఉత్తరం తెరిచాను. మంచిగా అయ్యాను కాబట్టి ఇప్పుడు పంపడానికి సిగ్గు లేదు అని ఉంది. చెడ్డగా ఉన్నా పంపుతారు, మంచిగా ఉన్నా పంపుతారు. ఇప్పుడు ఎలా ఉండాలో నాకు సమఝ్ కాలేదు. మీరు టీచర్ కదా, చెప్పండి.

మీ ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు అని కాదు. మీరు మంచివారు. రైళ్లు కనిపిస్తాయి అని కూడా చదివాను, మీ ఉత్తరాలు పప్పు డబ్బాలో ఉంటాయి. కానీ నేను వచ్చేస్తే ఆయుష్‌కి లేసు ఎవరు కడతారు.

ఈ సంగతి అమ్మకి చెప్పవద్దు. నిశ్చయముగా చెప్పవద్దు. చెబితే అమ్మ ఉత్తరాలు రాయడం మానేస్తుంది. మీకు రాసేటప్పుడే అమ్మ నవ్వుతుంది. మిగతా టైములో నవ్వదు.

ఇట్లు
బాలు, ఐదు బి

భిలాయి, సెక్టార్ 6
ఏప్రిల్ 12

అప్పా,

పోస్టుమాన్ వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉంది. వాడి ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అన్నం మాడి, ఆ వాసన మెట్లదాకా వెళ్లి, దూబేగారి భార్య పైకొచ్చి స్టవ్ ఆపింది. కాలిన చీరావిడే. ఇక ఆవిడ దగ్గర నాకు పరువు అనేది మిగల్లేదు.

పెంపకం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చినదాన్ని చూడు. నా కొడుకు ఐదు నెలలు బెంగ పెట్టుకుని ముద్ద మింగలేక కంచానికి చెయ్యి అడ్డం పెడితే, బాగుపడ్డాడని నీకు రాసుకున్నాను. పనిమనిషికి కనిపించింది, ఎక్కడో విజయనగరంలో ఉన్న నీకు కనిపించింది. పక్కన కూర్చుని వాడు చేసిన ఉండలతో చపాతీలు వత్తినదానికి కనిపించలేదు. ఆ వెనక వరసావిడ ఎక్కడుందో వెతికి, రాసుకున్నది చింపెయ్యమని చెప్పాలి.

కృపమ్మగారి గుమ్మం దాకా వెళ్లాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ వెళ్లి చూడని గుమ్మం అది. లోపల వాడు తెలుగు చదువుతున్నాడు. వేలు పెట్టి, ఒత్తు దగ్గర ఆగి, మళ్లీ మొదలెట్టి. నేను అక్కడే చెప్పుల దగ్గర నిలబడి విన్నాను. నాకు వాడి గొంతు అరుపుగానే తెలుసు అప్పా, ఇంత మెత్తగా ఉంటుందని తెలీదు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టాను. ఎక్కడ కవర్లు తెరిచేవాడో ఆ మెట్టు మీదే.

"ఎన్ని సదివేవురా?" అన్నాను.

"నవంబరుది, జనవరిది, మార్చిది."

"నవ్వుతాలకి రాసేన్రా నాన్నా."

"తెలుసు. నువ్వు నవ్వావు కదా" అన్నాడు.

దానికేం చెప్పాలప్పా? నీకు తెలిస్తే రాయి. వాణ్ని దగ్గరికి లాక్కుని "నిన్నెక్కడికీ పంపను" అన్నాను.

"టికెట్ అయిపోయింది కదా?"

"కేన్సిలు సేయించేస్తాను."

"మంచిగా ఉన్నానని ఉంచుకుంటున్నావా?"

"కాదురా. మంచిగా ఉన్నా, దూబే ఆంటీ సీరలన్నీ కాల్చినా, నువ్వు నా కొడుకువి. దానికేటీ సెయ్యక్కర్లేదు."

వాడు చాలాసేపు ఆలోచించాడు. లెక్కల పరీక్షలో కూడా అంతసేపు ఆలోచించి ఉండడు.

"మరైతే అమ్మా, గొడవ చెయ్యొచ్చా?"

"సెయ్యొచ్చు."

"థోడా, పూరా?"

"పూరా" అన్నాను. వాడు లేచి రెయిలింగ్ ఎక్కి కింద దాకా జారాడు. మళ్లీ పైకొచ్చి మళ్లీ జారాడు. మూడోసారికి కవలలు కూడా వచ్చి చేరారు. వాళ్ల నాన్న తలుపు తీసి "నా చెవి మూతలేవీ?" అని అరిచారు.

నీ మీద జాలి కూడా వాడికే ముందు పుట్టింది. "పెద్దమ్మకి గ్లాసు చూస్తే ఏడుపొస్తుంది కదా, మరి?" అని అడిగాడు. నీ ఉత్తరాలన్నీ చదివాడు కదా, అదీ చదివాడు. నువ్వు ఏప్రిల్ ఆఖర్న ఇక్కడికి వచ్చెయ్యి. సెలవులన్నీ ఇక్కడే. చప్పుడు కావాలన్నావు, కడుపునిండా పెడతాను. జూన్‌లో వాడు పది రోజులు నీతో వస్తానన్నాడు, వెనక్కి వచ్చే టికెట్ ముందే తన చేతికిస్తేనే.

ఈ ఉత్తరం వాడు నా భుజం మీద నుంచి చదువుతుండగా రాస్తున్నాను. "చెప్పుల దగ్గర ఎందుకు నిలబడ్డావు, లోపలికి రావచ్చు కదా" అంటున్నాడు. నా సొరుగు తాళం పోయింది అప్పా. ఇకనుంచి నేను నీకేం రాసినా మొదట వాడు నవ్వాలి, తర్వాత నువ్వు. పక్కన పెట్టుకున్న చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది. తాగేశాను. పాలవాడి తప్పేం లేదు.

నీ నీలూ

పెద్దమ్మా, నేను బాలును. అమ్మ మెట్ల మీద ఏడ్చెను. అది రాయడం మరిచిపోయింది, అందుకని నేను రాస్తున్నాను. కవరు కూడా నేనే అంటిస్తున్నాను. ఈసారి ఒక్క వరసే.